తొమ్మిదేళ్ల సర్వరును డెబియన్‌కు మార్చిన 49 రోజులు

ఒడిశాలోని పర్లాకిమిడిలో మా దుకాణం పైకి జిరాక్సు, డీటీపీ, ఆన్‌లైన్ దరఖాస్తుల దుకాణమే. కానీ 2015 మార్చి నుంచి దాని వెనకాల, ముంబయిలోని ఒక డేటా సెంటరులో నెల అద్దెకు తీసుకున్న చిన్న సర్వరు ఒకటి నడుస్తున్నది. దాని మీద పదకొండు వెబ్‌సైట్లున్నాయి. పలాస వైపు నుంచి జీడిపప్పు తెప్పించి అమ్మే ఒక షావుకారుగారి రోజువారీ ధరల పేజీ, కొమ్ముతో బొమ్మలు చేసే ఒక కుటుంబం అమ్మకాల పేజీ, ఒడియా తెలుగు రెండింటిలోనూ నోటీసులు పెట్టే ఒక ప్రైవేటు పాఠశాల, మా ఊరి తెలుగు గ్రంథాలయం పుస్తకాల జాబితా వాటిలో ముఖ్యమైనవి. 2024 జులై 3 నుంచి ఆగస్టు 20 వరకు ఆ సర్వరు ఆపరేటింగ్ సిస్టమ్‌ను (ఓఎస్) సెంటోస్ 7 నుంచి డెబియన్ 12కు మార్చాను. రెండూ ఉచితంగా దొరికే లినక్స్ రకాలే. ఆ మార్పులో నాకు ఎక్కడెక్కడ దెబ్బ తగిలిందో, ఎంత సమయం, ఎంత సొమ్ము పోయిందో, ఇదే పని నెత్తిన వేసుకున్న మరొకరికి తెలియాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ముందుగా నా తప్పు నేనే ఒప్పుకోవాలి. సెంటోస్ 7కు 2024 జూన్ 30తో నవీకరణలు ఆగిపోతాయని నాకు కొన్నేళ్లుగా తెలుసు. 2020 డిసెంబరులో సెంటోస్ 8 గడువును ఒక్కసారిగా 2021 చివరికి కుదించినట్టు ప్రకటన వచ్చినప్పుడు, ‘మనది 7 కదా, ఇంకా మూడున్నరేళ్లుంది’ అని సంబరపడినవాణ్ణి నేను. ఆ మూడున్నరేళ్లూ దుకాణంలో ఆధార్ ప్రింట్లు తీస్తూ గడిపాను. గడువు తీరిన జూన్ 30 ఆదివారం. ఆ రోజు ఏమీ జరగలేదు. సైట్లన్నీ ఎప్పటిలాగే తెరుచుకున్నాయి, షావుకారుగారు ఎప్పటిలాగే తెల్లవారుజామున ధరలు పెట్టారు. గడువు తీరిన సర్వరు ఆగిపోదు, అందుకే దాన్ని వాయిదా వేయడం అంత సులువు.

జులై 3 బుధవారం, ఒక చిన్న ప్యాకేజీ కోసం, సెంటోస్‌లో సాఫ్ట్‌వేరు తెచ్చిపెట్టే యమ్‌కు ఆదేశం ఇచ్చాను. అర నిమిషం ఆలోచించి, ప్యాకేజీల నకళ్లుండే సర్వర్ల (మిర్రర్ల) జాబితా ఇచ్చే చిరునామా అసలు దొరకడం లేదని చెప్పింది. సర్వరు ముంబయిలో ఉందన్న ధ్యాస లేక, మా రౌటరు తప్పేమోనని దాన్ని రెండుసార్లు ఆపి వేశాను, మొబైలు హాట్‌స్పాట్ నుంచి ప్రయత్నించాను, పేర్లను ఐపీ చిరునామాలుగా మార్చే డీఎన్‌ఎస్‌ను మార్చాను. నలభై నిమిషాల తర్వాత గానీ నాకు వెలగలేదు: ఆ చిరునామానే తీసేశారు. పాత ప్యాకేజీలు వాల్ట్ అనే భాండాగారంలో ఉన్నాయి, ప్యాకేజీలు ఎక్కడి నుంచి తేవాలో చెప్పే రిపోజిటరీ ఫైళ్లలో చిరునామా మారిస్తే అక్కడి నుంచి వస్తాయి. కానీ అవి నిన్నటి అన్నం లాంటివి, కొత్తగా ఏదీ వండరు. ఆ సాయంత్రం అప్‌టైమ్ చూస్తే సర్వరు 611 రోజులుగా రీబూట్ కాలేదని చూపించింది. ఒకప్పుడు ఆ అంకెను స్నేహితులకు గొప్పగా చూపించేవాణ్ణి. అన్ని రోజులు రీబూట్ కాలేదంటే అన్ని రోజులుగా ఓఎస్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్ కొత్తది ఒక్కటి కూడా అమలులోకి రాలేదని అర్థం.

ఏ ఓఎస్‌కు మారాలన్న దాని మీద ఒక రాత్రంతా కూర్చున్నాను. సెంటోస్ అలవాటున్నవారికి ఆల్మాలినక్స్, రాకీ లినక్స్ రెండూ 2021 నుంచి ఉన్నాయి. ఉన్న సర్వరునే ఆల్మా 8కి లేపే ఎలివేట్ అనే పరికరమూ ఉంది. దాన్ని సర్వరు నకలు మీద నడిపి చూస్తే ముందస్తు పరీక్షలోనే, నేను ఏళ్ల తరబడి ఎక్కడెక్కడి నుంచో తెచ్చి పెట్టిన ప్యాకేజీల చిట్టా విప్పి, ఇవి తేల్చకుండా ముందుకు పోనంది. దాని తప్పేమీ లేదు. పాత ఇంటికి రంగు వేయడం కన్నా కొత్త ఇంట్లోకి సామాను మోయడమే నయమనిపించింది. అలా మోసేటప్పుడు, ఒక కంపెనీ నిర్ణయంతో గడువు మారే అవకాశం లేని చోటికి పోదామని 1993 నుంచి స్వచ్ఛంద కార్యకర్తలే నడుపుతున్న డెబియన్‌ను ఎంచుకున్నాను. ఆల్మాకు వెళ్లినవారూ సుఖంగానే ఉన్నారు. ఇది నా మనసు సంగతి మాత్రమే.

జులై 4న కొత్త వీపీఎస్, అంటే పెద్ద యంత్రంలో ఒక వాటాగా అద్దెకిచ్చే సర్వరు, తీసుకున్నాను. ఒక జీబీ ర్యామ్, 25 జీబీ డిస్కు, నెలకు 620 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్‌టీ కలిపి 731 రూపాయల 60 పైసలు. పాతదానికి జీఎస్‌టీతో 1,050 రూపాయలు కడుతున్నాను. పాతదాన్ని వెంటనే తీసేయలేము గనుక రెండు నెలలు రెండు అద్దెలూ కట్టక తప్పదు. ఈ లెక్క ఖాతాదారులకు ముందే చెప్పి ఉండవలసింది, చెప్పలేదు, చివరికి నా చేతి నుంచే పోయింది.

డెబియన్ నిలబడడానికి అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. మొదటి నవీకరణ ఇవ్వగానే వచ్చిన జాబితాలో ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ కనిపించింది, దూరం నుంచి సర్వరులోకి భద్రంగా లాగిన్ అవడానికి వాడే ఎస్‌ఎస్‌హెచ్ సాఫ్ట్‌వేరు అది. అంతకు మూడు రోజుల క్రితం, జులై 1న, రిగ్రెషన్ అనే పేరుతో దానిలోని ఒక పెద్ద లోపం బయటపడింది. డెబియన్ అదే రోజు సవరణ విడుదల చేసింది. విచిత్రమేమిటంటే, ఆ లోపం 8.5 నుంచి 9.7 వరకు ఉన్న వెర్షన్లలో ఉంది, నా పాత సర్వరులో ఉన్నది 7.4. అంటే పాతది మరీ పాతది కావడం వల్లే తప్పించుకుంది! ఈ సంగతి విని మా బావమరిది, ‘అయితే మార్చడం ఎందుకు బావా?’ అన్నాడు. తర్వాతి లోపం 7.4లో బయటపడితే దానికి మందు వేసేవారు ఎవరూ లేరని అతనికి చెప్పాను గానీ, నా గొంతులో కూడా ఆ క్షణాన పెద్ద నమ్మకం లేదు.

జులై 7 ఆదివారం రథయాత్ర. ఊరంతా రథం దగ్గర ఉంటుంది, దుకాణానికి ఎవరూ రారు, పని చేసుకోవచ్చని కూర్చున్నాను. ఫైర్‌వాల్ కోసం యూఎఫ్‌డబ్ల్యూ పెట్టి, వెబ్ పోర్టులు 80, 443 రెండూ తెరిచి, దాన్ని ఆన్ చేశాను. ఎస్‌ఎస్‌హెచ్ సంబంధం తెగిపోవచ్చు, ముందుకు పోనా అని అది అడిగింది కూడా. అలవాటుగా సరేనన్నాను. సంబంధం తెగలేదు, పని సాగుతూనే ఉంది, కాబట్టి ఎస్‌ఎస్‌హెచ్ వాడే 22వ పోర్టు తెరవలేదన్న సంగతే నాకు గుర్తు రాలేదు. ఉన్న సంబంధాన్ని ఫైర్‌వాల్ తెంచదు, కొత్తదాన్ని రానివ్వదు. సాయంత్రం నాలుగున్నరకు వానతో పాటు కరెంటు పోయింది, రౌటరు ఆరిపోయింది. ఆరుకు కరెంటు వచ్చాక మళ్లీ లోపలికి పోదామంటే తలుపు మూసి ఉంది.

అద్దెకిచ్చినవారి ప్యానెల్‌లో బ్రౌజరు నుంచే సర్వరు తెర చూసే ఏర్పాటు ఉంది, కానీ దానికి రూట్ అనే ప్రధాన యూజరు పాస్‌వర్డ్ కావాలి. నేను భద్రత పేరుతో తాళంచెవి ఫైలు తప్ప పాస్‌వర్డే పెట్టుకోలేదు. సహాయ విభాగానికి టికెట్ రాసి, రాత్రి పదకొండున్నర దాకా ఎదురుచూసి, వారు రెస్క్యూ మోడ్‌లో తెరిచాక ఒక్క పంక్తి రాసి బయటపడ్డాను. రథం చూడలేదు, పనీ కాలేదు. ఇంట్లో మా ఆవిడ అన్న మాటలు ఇక్కడ రాయను. కొత్తగా చేసేవారు ముందు ఎస్‌ఎస్‌హెచ్‌కు అనుమతి ఇచ్చి, ఫైర్‌వాల్ ఆన్ చేశాక ఉన్న కిటికీ మూయకుండా మరో కిటికీలో లాగిన్ అయి చూసుకోండి. టీమక్స్ కూడా ఆ రాత్రి నుంచే నాకు అలవాటయింది. కరెంటు పోయినా దానిలో మొదలుపెట్టిన పని సర్వరులో నడుస్తూనే ఉంటుంది. మా వైపు వానాకాలంలో అది లేకుండా పెద్ద పని మొదలుపెట్టకూడదు.

ఫైళ్లను ఆర్‌సింక్‌తో తేవడానికి జులై 8 రాత్రి ఒక్కటే పట్టింది. తెల్లారి చూస్తే పాఠశాల సైటులో ఫొటోలు ఎక్కడం లేదు. ఫైళ్ల యజమాని పేరు ఉండవలసిన చోట 48 అనే అంకె ఉంది. సెంటోస్‌లో వెబ్ సర్వరు అపాచీ అనే యూజరు పేరుతో నడుస్తుంది, డెబియన్‌లో ఆ పేరే లేదు, డబ్ల్యుడబ్ల్యుడబ్ల్యు-డేటా అనే పేరుంది. పేరు దొరకక పాత నంబరు మాత్రం వచ్చి కూర్చుంది. యాజమాన్యం మారిస్తే అది సర్దుకుంది. మొదటి పేజీ తెరుచుకుని లోపలి పేజీలన్నీ దొరకలేదనడానికి కారణం, చిరునామాలను సరైన పేజీకి మళ్లించే రీరైట్ మాడ్యూలు డెబియన్‌లో మొదట ఆన్ అయి ఉండకపోవడం. ఇవి చిన్నవి. ఇవన్నీ డొమైను మార్చకముందే పట్టుకోగలిగానంటే నా ల్యాప్‌టాప్ హోస్ట్స్ ఫైలులో కొత్త సర్వరు ఐపీని రాసుకోవడం వల్లనే. లోకమంతా పాత సర్వరును చూస్తుంటే నా ఒక్క ల్యాప్‌టాప్ మాత్రం కొత్తదాన్ని చూస్తుంది.

సైట్లు రాసిన పీహెచ్‌పీ భాష అంత తేలికగా వదలలేదు. సెంటోస్ 7తో వచ్చినది 5.4, డెబియన్ 12లో ఉన్నది 8.2. నేను 2015లో రాసిన సైట్లలో డేటాబేసును పిలిచే పాత ఫంక్షన్లను పీహెచ్‌పీ 7లోనే తీసేశారు. మాటలు వెతికే గ్రెప్‌తో లెక్కపెడితే 340 చోట్ల తేలాయి. పాత పీహెచ్‌పీని వేరే రిపోజిటరీ నుంచి తెచ్చుకునే దారి ఉంది, రెండు గంటలు దాని చుట్టూ తిరిగాను కూడా. చివరికి, పాత సర్వరును వదిలి పాత పీహెచ్‌పీని వెంట తెచ్చుకోవడం దేనికని, రోజుకు యాభై చొప్పున చేత్తో మార్చాను. నేను రాసిన కోడును తొమ్మిదేళ్ల తర్వాత చదవడం కన్నా సిగ్గుపడే పని మరొకటి లేదు. ఒక చోట, ‘రేపు సరిచేయాలి’ అని వ్యాఖ్య రాసి 2015 జూన్ నాటి తేదీ వేసుకున్నాను.

అసలు కథ గ్రంథాలయం డేటాబేసుది.

మొదటిసారి దాన్ని డంప్ తీసి, అంటే మొత్తం ఒక ఫైలుగా రాయించి, కొత్త సర్వరులోకి ఎక్కించి పేజీ తెరిస్తే ఒక్క తెలుగు అక్షరం లేదు. నెత్తిన గీతలున్న ఆంగ్ల అక్షరాలు, డిగ్రీ గుర్తులు, ప్లస్ మైనస్ గుర్తులు పేజీ నిండా పరుచుకున్నాయి. పాఠశాల సైటులో ఒడియాకూ అదే గతి. ఆ సమయానికి గ్రంథాలయం చూసుకునే మాస్టారు ఏదో ప్రింటు కోసం దుకాణానికి వచ్చి, నా భుజం మీదుగా తెర చూసి, ‘ఏటి బాబూ, మన అచ్చరాలన్నీ ఇలగైపోనాయేటి?’ అన్నారు. ఆయన విశ్రాంత తెలుగు ఉపాధ్యాయులు. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరిలో తెలుగును ఈ స్థితికి తెచ్చినవాడిగా ఆ నిమిషాన నేను తల ఎత్తలేకపోయాను.

కారణం కనుక్కోవడానికి మూడు రోజులు పట్టింది. పాత సర్వరు డేటాబేసు మారియాడీబీ 5.5లో నేను ఏమీ చెప్పకుండా పట్టికలు తయారు చేస్తే అవి లాటిన్-1 అనే పాశ్చాత్య లిపి కోసం తయారయ్యాయి. సైటు పంపినవి అన్ని లిపులకూ పనికొచ్చే యూటీఎఫ్-8 పద్ధతి బైట్లు. డేటాబేసు వాటిని పశ్చిమ దేశాల అక్షరాలనుకుని దాచింది, అడిగినప్పుడు అలాగే తిరిగి ఇచ్చింది, బ్రౌజరు వాటిని తెలుగుగా చూపించింది. రెండు అబద్ధాలు ఒకదానినొకటి కొట్టేసుకుని తొమ్మిదేళ్లు నిజంలా నడిచాయి. డంప్ తీసేటప్పుడు ఆ పరికరం మంచి ఉద్దేశంతో వాటిని యూటీఎఫ్-8లోకి మార్చేసరికి మొత్తం రెండుసార్లు మారిపోయింది. విరుగుడు కూడా ఆ అబద్ధంలోనే ఉంది: డంప్ తీసేటప్పుడు లాటిన్-1 అనే చెప్పాలి, అప్పుడు బైట్లు చెక్కుచెదరకుండా వస్తాయి, ఆ ఫైలు మొదట్లో లిపి చెప్పే పంక్తిలోనూ, పట్టికలలోనూ లిపి పేరును మాత్రం యూటీఎఫ్-8 ఎంబీ4 అని మార్చి కొత్తదానిలోకి ఎక్కించాలి.

జులై 13 రాత్రి అలా చేశాను. పాఠశాల ఒడియా, తెలుగు రెండూ తేటగా వచ్చాయి. షావుకారుగారివి వచ్చాయి. గ్రంథాలయానిది మాత్రం మధ్యలో ఆగిపోయి, పుస్తకం పేరు గడిలో తప్పు అక్షరమున్నదని చెప్పింది. ఒక్కొక్క పుస్తకానికి ఒక్కొక్క పంక్తి వచ్చేలా డంప్ మళ్లీ తీసి, తప్పు వచ్చినా ఆగకుండా సాగమని ఎక్కిస్తే, 3,146 పుస్తకాలలో 87 లోపలికి పోనన్నాయి.

ఆ 87 పేర్లను ముందు పెట్టుకుని చాలాసేపు చూశాను. అన్నీ పొడుగు పేర్లే, అన్నిటికీ చివర అక్షరం విరిగి ఉంది. అప్పుడు అర్థమైంది. పేరు గడికి నేను వంద అక్షరాల పరిమితి పెట్టాను. లాటిన్-1 లెక్కలో వంద అక్షరాలంటే వంద బైట్లు. తెలుగులో ఒక్కొక్క సంకేతానికి మూడు బైట్లు. ‘లక్ష్మి’ మనకు రెండే అక్షరాలు. యంత్రానికి ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి కలిసి ఏడు, అంటే ఇరవయ్యొక్క బైట్లు. వంద బైట్లలో ముప్ఫై మూడు సంకేతాలు పోగా ఒక బైటు మిగిలి, తర్వాతి అక్షరం తల మాత్రం పట్టి మొండెం తెగిపోతుంది. పాత డేటాబేసు ఇలా కోసేసి ఒక హెచ్చరికతో సరిపెట్టేది, ఆ హెచ్చరికను నా సైటు ఎప్పుడూ చదవలేదు. కొత్త మారియాడీబీ కఠిన పద్ధతిలో ఉంటుంది గనుక విరిగిన అక్షరాన్ని గుమ్మంలోనే ఆపేసింది.

ఇంతటితో అయిపోయిందనుకుని పడుకోబోతూ మరో అనుమానం వచ్చి లేచాను. మాటల మధ్య ఖాళీకి ఒక్క బైటే పడుతుంది కనుక, కోత ప్రతిసారీ అక్షరం మధ్యనే పడాలని లేదు. కొన్నిసార్లు సరిగ్గా అక్షరం చివర పడుతుంది. అలాంటి పేరు చూడటానికి బాగానే ఉంటుంది, ఏ తప్పూ రాదు, కానీ సగమే ఉంటుంది. పాత సర్వరులో సరిగ్గా వంద బైట్లున్న పేర్లెన్నో అడిగితే 131 అని వచ్చింది. అంటే 87 ఫిర్యాదు చేశాయి, 44 మాట్లాడకుండా లోపలికి వచ్చి కూర్చున్నాయి. ఆ అనుమానం రాకపోతే అవి ఎప్పటికీ అలాగే ఉండేవి. పోయిన అక్షరాలు ఏ సర్వరులోనూ లేవు. ఎక్కడైనా ఉంటే పుస్తకాల అట్టల మీదే ఉన్నాయి.

ఆ లోగా మిగతావాటిని ఆపడానికి లేదు. జులై 19 శుక్రవారం ప్రపంచమంతటా విండోస్ యంత్రాలు ఒక భద్రతా సాఫ్ట్‌వేరు నవీకరణతో నీలి తెరలు వేసుకుని నిలిచిపోయిన రోజు. టీవీలో విమానాశ్రయాలను చూసి పాఠశాల గుమస్తాగారు ఫోను చేసి, ‘మనది కూడా పోయిందా?’ అని అడిగారు. మనది లినక్స్ అని చెప్పి వదిలేయవచ్చు. కానీ తప్పుడు నవీకరణ ఏ ఓఎస్‌నైనా పడగొట్టగలదు, కాబట్టి గొప్పలు పోలేదు. ఆయన అక్కడితో ఆగకుండా ఓఎస్ కొన్న బిల్లు పంపమన్నారు, ఆడిటరు అడుగుతారట. ఉచితమంటే నమ్మలేదు. పైగా, ఎవరైనా అందులో ఏమైనా కలపవచ్చని హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న వాళ్లబ్బాయి చెప్పాడట.

ఆ అబ్బాయి చెప్పిన దానిలో నిజం లేకపోలేదు. ఆ ఏడాది మార్చిలోనే ఎక్స్‌జెడ్ అనే కుదింపు సాఫ్ట్‌వేరులో ఎవరో దొంగదారి పెట్టగా, ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యమవుతున్నదని అనుమానించి ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు దాన్ని పట్టుకున్నారు. అది డెబియన్ పరీక్ష శాఖల దాకా వచ్చింది, నేను వాడుతున్న స్థిర శాఖకు చేరలేదు. కోడు అందరి ముందూ ఉండబట్టే ఒకరు అర సెకను వెంట పడి వెళ్లి మూలం చూడగలిగారని గుమస్తాగారికి చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, ‘అదంతా సరే, కాగితం ఒకటి ఉండాలి’ అన్నారు. చివరికి లినక్స్ కెర్నెల్ జీపీఎల్ లైసెన్సు కింద ఉచితంగా లభిస్తుందని, ఓఎస్ ఖర్చు సున్నా రూపాయలని నా దుకాణం లెటర్‌హెడ్ మీద రాసి, ముద్ర వేసి ఇచ్చాను. ఈ పని కోసం నేను కొట్టిన ముద్ర అదొక్కటే.

డొమైన్ల మార్పిడి జులై 21 ఆదివారం రాత్రి. అంతకు రెండు రోజుల ముందే టీటీఎల్‌ను 86,400 సెకన్ల నుంచి 300కు తగ్గించాను, అంటే ఒక రోజంతా పాత ఐపీని పట్టుకుని ఉండేవారు అయిదు నిమిషాలకే కొత్తదాన్ని అడుగుతారు. అయినా తొందరపడ్డాను. ఐపీ మార్చకముందే కొత్త సర్వరులో లెట్స్ ఎన్‌క్రిప్ట్ వారి ఉచిత భద్రతా సర్టిఫికెట్ అడిగి, అది రాక, మళ్లీ మళ్లీ అడిగి అయిదుసార్లు విఫలమయ్యేసరికి గంటసేపు అడగవద్దని చెప్పారు. తీరిగ్గా ఆలోచిస్తే పాత సర్వరులోని సర్టిఫికెట్ల ఫోల్డరును యథాతథంగా తెచ్చుకుంటే సరిపోయేది. మిగతా డొమైన్లకు అలాగే చేశాను. రాత్రి ఒకటిన్నరకు పది సైట్లు కొత్త ఇంట్లో ఉన్నాయి.

పదకొండవది కొమ్ము బొమ్మల వారిది. వారి డొమైను 2016లో వాళ్ల మేనల్లుడి ఫోను నంబరు మీద తీసుకున్నారు. ఆ నంబరు ఇప్పుడు లేదు, ఓటీపీ ఎక్కడికో పోతున్నది. గుర్తింపు పత్రాలు పంపి, అక్షరం తేడా వచ్చిందంటే మళ్లీ పంపి, ఆగస్టు 9కి గానీ ఆ ప్యానెల్ తెరుచుకోలేదు. పందొమ్మిది రోజులు వారి ఒక్క సైటు కోసం పాత సర్వరును నిలబెట్టవలసి వచ్చింది. ఈ మొత్తం పనిలో నా చేతిలో ఏమీ లేని ఘట్టం అదొక్కటే, అందుకే ఎక్కువ విసుగు తెప్పించింది కూడా అదే.

మార్చిన మర్నాడు ఉదయం షావుకారుగారి ఫోను. ఆయన అయిదింటికి పెట్టిన ధరల మీద నిన్నటి తేదీ పడిందట, కొనేవారు పాత ధరకే ఇమ్మంటున్నారట. కొత్త సర్వరు గడియారం మనకన్నా అయిదున్నర గంటలు వెనక ఉండే యూటీసీలో ఉంది. దాని లెక్కలో మనకు ఉదయం అయిదున్నర దాకా నిన్నే. సర్వరులో ఆసియా కోల్‌కతా అని మార్చినా సైటులో మారలేదు, ఎందుకంటే పీహెచ్‌పీకి దాని సెట్టింగుల ఫైలులో విడిగా చెప్పాలి. రాత్రి రెండింటి బ్యాకప్ ఉదయం ఏడున్నరకు ఎందుకు నడిచిందో కూడా అప్పుడే తెలిసింది.

జులై 24 తెల్లవారుజామున ఆయనే మళ్లీ ఫోను చేశారు, ఈసారి సైటే లేదు. లాగ్ చూస్తే మెమరీ చాలక కెర్నెల్ మారియాడీబీని చంపేసిందని ఒక్క వాక్యం ఉంది. ఒక జీబీ ర్యామ్‌లో వెబ్ సర్వరు అపాచీ నూట యాభై మంది పనివారిని పెట్టుకునే అనుమతితో కూర్చుంది. ఆ సంఖ్యను ఇరవైకి తగ్గించి, ర్యామ్ చాలనప్పుడు డిస్కును వాడుకునేలా రెండు జీబీల స్వాప్ ఫైలు పెట్టాను. అప్పటి నుంచి మళ్లీ పడలేదు. మరుసటి వారం ఊరికే చూస్తుంటే, పదేపదే తప్పుడు లాగిన్‌లు చేసేవారిని అడ్డుకునే ఫెయిల్‌టూబ్యాన్ మొదటి రోజు నుంచీ నడవడమే లేదని తేలింది: డెబియన్ 12లో లాగిన్ వివరాలు పాత ఆథ్ లాగ్ ఫైలులో ఉండవు, సిస్టమ్‌డీ జర్నల్‌లో ఉంటాయి, లేని ఫైలు కోసం చూసి అది ఆగిపోయింది. సెట్టింగులలో సిస్టమ్‌డీ అని ఒక్క మాట రాస్తే లేచింది. పెట్టాను కదా అనుకోవడం వేరు, నడుస్తున్నదా అని చూడటం వేరు.

ఆగస్టు 20 మధ్యాహ్నం పాత సర్వరును తీసేశాను. అంతకు ముందు మొత్తం నకలును రెండు హార్డ్ డిస్కులలో దాచాను, ఒకటి దుకాణంలో, ఒకటి ఇంట్లో. తీసేసే ముందు ఆ ప్యానెల్ సర్వరు పేరును చేత్తో టైపు చేయమంటుంది. 2015లో మా పెద్దమ్మాయి పుట్టిన వారమే దాన్ని మొదలుపెట్టి, ఆమె ముద్దుపేరే పెట్టాను. టైపు చేస్తుంటే చెయ్యి ఒక క్షణం ఆగింది. మొత్తం మీద అదనపు అద్దె, కొత్త హార్డ్ డిస్కు, మేనల్లుడి పత్రాల కోసం తిరిగిన పెట్రోలు కలిపి 7,400 రూపాయలు అయింది. దుకాణం సరిగ్గా తెరవని రోజులు తొమ్మిది. వాటిని లెక్క వేయలేదు.

ఆ 131 పేర్ల పని మాత్రం ఇంకా నడుస్తున్నది. ఆదివారాలు మాస్టారూ నేనూ గ్రంథాలయంలో కూర్చుంటున్నాము. నేను జాబితా నుంచి నంబరు చదువుతాను, ఆయన బీరువా దగ్గరికి వెళ్లి పుస్తకం తీసి, అట్ట దుమ్ము తుడిచి, పేరు చివరి దాకా పైకి చదువుతారు, నేను రాసుకుంటాను. కొన్ని పేర్లు చదివాక పుస్తకం వెంటనే పెట్టేయరు, రెండు పేజీలు చదువుకుంటారు. తొందరపెట్టాలంటే నాకు నోరు రాదు. సెప్టెంబరు మొదటి ఆదివారానికి 118 పూర్తయ్యాయి. మిగిలిన 13 పుస్తకాలు బీరువాలలో లేవు. వచ్చిన పుస్తకాలను రాసుకునే అక్సెషన్ రిజిస్టరులో చూద్దామంటే, 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను నాడు పైకప్పు కారి ఆ పేజీలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. ఆ పుస్తకాలు ఎవరింట్లో ఉండి ఉంటాయో మాస్టారు గుర్తు చేసుకుంటున్నారు. ఆరుగురి పేర్లు రాసిచ్చారు, వారిలో ఇద్దరు పాతపట్నంలో ఉంటారు.